చెదలు తిన్న ఐదో ఎత్తు

1829లో మద్రాసులో ఒక చదరంగం పుస్తకం అచ్చయింది. రాసినవాళ్ళు ఇద్దరు. ఒకరు గులాం కాసిం, మరొకరు మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన జేమ్స్ కాక్రేన్. ముజియో గాంబిట్ అనే ఒకే ఒక్క ఆరంభాన్ని పట్టుకుని దాని కొమ్మలన్నీ విప్పి చూపించిన పుస్తకం అది. ఒక్క ఆరంభం కోసమే పుస్తకం రాయడం అప్పటికి ప్రపంచంలోనే చాలా అరుదు. దాని పేరులోనే ఇంకో సంగతి కూడా ఉంది: మద్రాసుకూ హైదరాబాదుకూ మధ్య జరిగిన పోటీలోని రెండు ఆటలు కూడా ఇందులో ఇస్తున్నాం అని.

ఆ పోటీ 1828, 1829ల్లో ఉత్తరాల మీద నడిచింది. అప్పటికి మనకు రైలు లేదు, తంతి లేదు. మద్రాసులో నలుగురూ కూర్చుని, చర్చించి, ఒక ఎత్తు కాగితం మీద పెడితే, దాన్ని తపాలా మనుషులు మజిలీ మజిలీకీ చేతులు మార్చుకుంటూ ఆరువందల కిలోమీటర్లకు పైగా మోసుకుపోవాలి. జవాబు అలాగే వెనక్కి రావాలి. బల్ల మీద ఒక్క నిమిషంలో అయిపోయే పనికి రోజులూ వారాలూ పట్టేవి. ఆ నిదానమే ఆ ఆటల్ని బతికించింది. ప్రతి ఎత్తూ రెండు ఊళ్ళలోనూ రాతలో ఉండి తీరాలి. ఒక చోట పోయినా ఇంకో చోట దొరుకుతుంది. తర్వాత అచ్చులోకీ ఎక్కింది. ఆ కాలంలోనే మన దేశంలో ఎదురెదురుగా కూర్చుని ఆడిన ఆటలు ఎన్ని వేలు ఉన్నాయో, అవన్నీ పావులు పెట్టెలో పడిన క్షణాన్నే పోయాయి. రాయలసీమలో పాత గుళ్ళ మండపాలకు పోతే బండల మీద పులిజూదం గీతలు ఇప్పటికీ కనబడతాయి. పలక రాతిలో నిలిచింది. దాని మీద ఆడిన ఒక్క ఆట కూడా మనకు దక్కలేదు, ఎందుకంటే ఎవరూ ఎత్తులు రాయలేదు.

ఆటకు ప్రాణం ఎత్తుల వరుసలో ఉంటుంది. ఆ వరుస చెదిరిపోతే తిరిగి కట్టగలమా? ఎంతవరకు కట్టగలం, ఎక్కడ ఆగాలి? ఈ అధ్యాయం దాని గురించే.

అదే 1829లో అదే మద్రాసులో ఇంకో పుస్తకం వచ్చింది. సి.పి. బ్రౌన్ అచ్చువేయించిన వేమన పద్యాలు, 693. బ్రౌన్ 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చాడు. 1826లో మళ్ళీ కడపకు చేరి, సొంత డబ్బుతో బంగళా కొని, పండితుల్ని జీతానికి పెట్టుకుని తాళపత్రాలు, కాగితపు ప్రతులు ఎక్కడెక్కడివో తెప్పించి, పోల్చే పని చేయించాడు. ఆ పండితుల పనిని జనం బ్రౌన్ కాలేజీ అనేవాళ్ళు. ఆ స్థలంలోనే ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం ఉన్నాయి. వేమనకూ చదరంగానికీ సంబంధం ఏమిటంటారా? పని ఒకటే. చిరిగిన, తప్పులు దొర్లిన, ఒకదానితో ఒకటి పొసగని ప్రతుల్లోంచి అసలును పైకి తీయడం.

కడపకు పాతిక కిలోమీటర్ల దూరంలోని ఒంటిమిట్టవాళ్ళకు ఈ విషయం కొత్తగా చెప్పనక్కర్లేదు. పోతన మావాడే, ఆయన చెప్పిన ఏకశిలానగరం ఇదే అని ఇక్కడివాళ్ళు అంటారు. కాదు, ఓరుగల్లు దగ్గరి బమ్మెరవాడని తెలంగాణవాళ్ళు అంటారు. ఆ వాదం పక్కన పెడదాం. భాగవతం సంగతి మాత్రం అందరికీ తెలిసిందే. సర్వజ్ఞ సింగభూపాలుడు కోపంతో గ్రంథాన్ని పాతిపెట్టించాడని, బయటికి తీసేసరికి కొన్ని భాగాలు చెదలు తినేశాయని కథ. కథ ఎంత నిజమో గానీ, ఐదో స్కంధం గంగన, ఆరో స్కంధం సింగన, పదకొండు, పన్నెండు స్కంధాలు నారయ రాశారన్నది మాత్రం గ్రంథంలోనే ఉంది. వాళ్ళు చేసింది పూరించడం. గొప్ప పనే, భాగవతం మనకు నిండుగా అందింది. కానీ అది పోతన రాసినది తిరిగి దొరకడం కాదు. వాళ్ళు తమ పేర్లు తాము చెప్పుకున్నారు కాబట్టి ఏది ఎవరిదో మనకు తెలుస్తోంది. పాత ఆటల జోలికి పోయేవాడు మొదట గట్టిగా పట్టుకోవాల్సిన తేడా ఇదే. పూరించడం వేరు, రాబట్టడం వేరు.

రాబట్టడం ఎప్పుడు సాధ్యం? రాతలో అవసరానికి మించిన కట్టుబాటు ఉన్నప్పుడు. వేమన ఆటవెలదినే తీసుకోండి. మొదటి, మూడో పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో ఐదేసి సూర్యగణాలు. సూర్యగణం అంటే మూడు లఘువులో, లేదా ఒక గురువు ఒక లఘువో, అంతే. పైగా నాలుగో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో యతి కలవాలి. తాటాకులో నాలుగో గణం దగ్గర పురుగు తొలిచేసిందనుకోండి. అక్కడ ఏ అక్షరమైనా ఉండొచ్చునని ఎవరూ అనుకోరు. లెక్కకు సరిపోవాలి, యతికి సరిపోవాలి, అర్థానికి సరిపోవాలి. మూడు జల్లెడలు పట్టేసరికి మిగిలేది ఒకటో రెండో మాటలు. వచనంలో అదే చోట అదే రంధ్రం పడితే చేయగలిగేది చాలా తక్కువ.

క్లాడ్ షానన్ 1948లో సమాచార సిద్ధాంతానికి పునాది వేసినప్పుడు లెక్కల్లోకి తెచ్చింది ఈ సంగతినే. సందేశంలో కొంత భాగం మిగతా భాగం వల్లే తెలిసిపోతూ ఉంటే, దారిలో కొంత చెడినా అవతలివాడు సరిదిద్దుకోగలడు. అదే షానన్ 1950లో కంప్యూటరు చేత చదరంగం ఆడించడం ఎలాగో కూడా రాశాడు. ఆ వ్యాసంలో సాధ్యమయ్యే ఆటల సంఖ్యకు ఆయన వేసిన అంచనా 1 పక్కన 120 సున్నాలు. ఆట మొదట్లో తెల్లవారికి 20 ఎత్తులున్నాయి, నల్లవారికి 20. అంటే చెరో ఎత్తు అయ్యేసరికి 400 దారులు. చెరో రెండు ఎత్తులు అయ్యేసరికి 1,97,281. ఇంత అడవిలో పోయిన ఎత్తును వెతకడం అసాధ్యం అనిపిస్తుంది. నిజానికి ఛందస్సు కంటే చదరంగం నియమాలు ఎంతో కఠినం. ప్రతి ఎత్తూ దాని ముందున్న ఎత్తులన్నిటినీ నమ్ముకుని నిలబడుతుంది, కాబట్టి వాటికి సాక్ష్యం కూడా చెబుతుంది.

ఒకసారి చేసి చూద్దాం. కడపలోనో ప్రొద్దుటూరులోనో ఒక క్లబ్బు బీరువాలో పాత స్కోరు పుస్తకం దొరికిందనుకుందాం. అందులో గులాం కాసింకు ఇష్టమైన ముజియో బాటలో నడిచిన ఆట ఉందనుకుందాం. తెల్లవారి ఐదో ఎత్తు రాసిన చోట చెద. మిగతాదంతా చదవడానికి వస్తోంది. బల్ల దగ్గర పెట్టుకుని పావులు కదుపుతూ చదివితే బాగా అందుతుంది.

1. ఇ4 – ఇ5
2. ఎఫ్4 – ఇ×ఎఫ్4
3. గుర్రం ఎఫ్3 – జి5
4. శకటం సి4 – జి4
5. (చెద) – జి×ఎఫ్3
6. మంత్రి×ఎఫ్3 – మంత్రి ఎఫ్6
7. ఇ5 – మంత్రి×ఇ5
8. డి3 – శకటం హెచ్6
9. గుర్రం సి3 – గుర్రం ఇ7
10. శకటం డి2 – బి8 గుర్రం సి6
11. ఎ1 ఏనుగు ఇ1 – మంత్రి సి5, చెక్
12. రాజు హెచ్1

నాలుగో ఎత్తు తర్వాత బల్లను చూస్తే తెల్లవారికి నియమం ఒప్పుకునే ఎత్తులు సరిగ్గా 34. బంట్లతో 11, సి4 శకటంతో 9, ఎఫ్3 గుర్రంతో 5, బి1 గుర్రంతో 2, హెచ్1 ఏనుగుతో 2, మంత్రితో 1, రాజుతో 4. సమాచార లెక్కలో చెప్పాలంటే మనం పోగొట్టుకున్నది ఐదు బిట్లకు ఒక పిసరు ఎక్కువ.

ఆట తెలిసినవాడు వెంటనే, "ఇది ముజియో కదా, కోట కట్టి ఉంటాడు" అంటాడు. అది సరైన జవాబే. అయినా అది సాక్ష్యం కాదు, ఊహ. ఈ చోట తెల్లవారు డి4 కూడా వేయొచ్చు. ఆ ఎత్తుకు ఆరంభాల పుస్తకాల్లో ఇప్పటికీ గులాం కాసిం గాంబిట్ అనే పేరు. మెక్‌డానెల్ పేరున్న గుర్రం సి3 ఉంది, లోలీ పేరున్న శకటం×ఎఫ్7 ఉంది. ఆ క్లబ్బులో ఆడినవాడికి వీటిలో ఏది నచ్చిందో మనకేం తెలుసు? ఆ కాగితాన్నే అడగాలి.

ముందుగా నల్లవారి ఐదో ఎత్తును అడుగుదాం. బంటు ఎఫ్3 మీద కొట్టింది. అంటే గుర్రం అక్కడే ఉంది, గుర్రం కదిలిన ఐదు దారులూ పోయాయి. శకటం×ఎఫ్7 అయి ఉంటే నల్లరాజు చెక్‌లో ఉండేవాడు, అప్పుడు బంటుతో ఎఫ్3 కొట్టడం నియమానికే విరుద్ధం. లోలీ వెళ్ళిపోయాడు.

తర్వాత ఏడో, ఎనిమిదో ఎత్తులు. నల్లమంత్రి ఇ5 మీద బంటును కొట్టింది. ఇ4, ఇ3, ఇ2 మూడూ ఖాళీ. తెల్లరాజు ఇంకా ఇ1లోనే ఉండి ఉంటే అది చెక్. దానికి జవాబుగా తెల్లవారు వేసింది డి3, అది చెక్‌ను అడ్డుకునే ఎత్తు కాదు. కాబట్టి ఎనిమిదో ఎత్తు నాటికి రాజు ఇ1లో లేడు. మరి ఎప్పుడు కదిలాడు? మనం చదవగలిగిన ఎత్తుల్లో ఎక్కడా కదల్లేదు. అంటే చెద తిన్న ఐదో ఎత్తులోనే కదిలాడు. రాజువి కానివాటిలో మిగిలిన 24 ఎత్తులూ ఒక్క దెబ్బతో పోయాయి. గులాం కాసిం డి4కు ఇంకో అడ్డు కూడా ఉంది. ఐదో ఎత్తులో డి4కు పోయిన బంటు ఎనిమిదో ఎత్తులో వెనక్కి డి3కి రాలేదు. పదకొండో ఎత్తు కూడా ఇదే మాట చెబుతోంది. ఎ1 ఏనుగు ఇ1కు వచ్చిందంటే ఆ గడి ఖాళీగా ఉండి తీరాలి. ఇద్దరు సాక్షులు ఒకరినొకరు ఎరగకుండా ఒకే మాట చెప్పడం అంటే ఇదే.

మిగిలినవి రాజు ఎత్తులు నాలుగు: ఇ2, ఎఫ్1, ఎఫ్2, కోట కట్టడం. రాజు ఇ2కు వెళ్ళి ఉంటే డి1లోని మంత్రికి ఎఫ్3 దారి మూసుకుపోయేది. ఆరో ఎత్తులో మంత్రి అక్కడ కొట్టింది కాబట్టి ఇ2 లేదు. మూడు మిగిలాయి. పదో ఎత్తు దాకా చదివినా ఈ మూడూ అలాగే నిలబడతాయి. కాగితం అక్కడే చిరిగిపోయి ఉంటే మనం అక్కడే ఆగిపోవాలి.

అదృష్టం కొద్దీ ఇంకో రెండు పంక్తులున్నాయి. పదకొండో ఎత్తుకు నల్లమంత్రి సి5కు వచ్చి చెక్ ఇచ్చింది. సి5 నుంచి ఆ మూలదారి డి4, ఇ3, ఎఫ్2, జి1 మీదుగా పోతుంది. రాజు ఎఫ్1లో ఉంటే అది చెక్ కాదు. ఎఫ్2లో ఉంటే చెక్, జి1లో ఉంటే చెక్. ఇద్దరు మిగిలారు. పన్నెండో ఎత్తు: రాజు హెచ్1. ఎఫ్2 నుంచి హెచ్1 ఒక అడుగులో పోయే గడి కాదు. జి1 నుంచి పోవచ్చు, అదీ హెచ్1 ఏనుగు అక్కడి నుంచి లేచిపోతేనే. కోట కడితేనే ఆ రెండూ ఒకేసారి జరుగుతాయి. ఐదో ఎత్తు కోట. ముప్పై నాలుగు నుంచి ఒకటికి వచ్చాం, ఎక్కడా ఊహ వాడకుండా.

నాకు ఈ పనిలో అన్నిటికంటే నచ్చేది ఇదే. పన్నెండో ఎత్తు వేసిన మనిషి తన రాజును కాపాడుకోవడం గురించే ఆలోచించాడు. ఐదో ఎత్తుకు తాను సాక్షి అవుతానని కలలో కూడా అనుకోలేదు.

అన్ని ఆటలూ ఇంత చక్కగా విడిపోవు. సగం తగాదాలు రాత పద్ధతిలోంచే పుడతాయి. అంకెలూ అక్షరాలూ కలిపి గడికి ఒకే పేరు పెట్టే పద్ధతి ఫిలిప్ స్టామా 1737లోనే వాడాడు. అయినా ఇంగ్లీషువాళ్ళ ప్రభావం ఉన్నచోట్ల, అంటే మన దగ్గర కూడా, చాలాకాలం వేరే పద్ధతి నడిచింది. అందులో ఒక్కో గడికి రెండు పేర్లు. తెల్లవారి వైపు నుంచి రాజు నాలుగో గడి అన్నది నల్లవారి వైపు నుంచి రాజు ఐదో గడి. 64 గళ్ళకు 128 పేర్లు. ఎవరి ఎత్తో మరచిపోయి మార్చి రాసుకున్నవాడు మొత్తం ఆటను పాడుచేస్తాడు. ఇంకో చిక్కు, రాజుకు 'కె', గుర్రానికి 'కెటి' అని రాసేవాళ్ళు. సిరా వెలిసి 'టి' కనబడకపోతే గుర్రం కాస్తా రాజు అయిపోతుంది. ఇలాంటి చోట ఎత్తు నియమానికి నిలవకపోతే మొదట అనుమానించాల్సింది ఈ 'టి'నే. అంతర్జాతీయ సమాఖ్య ఫిడే తన పోటీల్లో అక్షరం-అంకె పద్ధతినే తప్పనిసరి చేసింది 1981లో. కాబట్టి అంతకు ముందటి స్కోరు కాగితం ఏది దొరికినా, అది ఏ పద్ధతో తేల్చుకోకుండా ఒక్క పావు కూడా కదపకూడదు.

ఏ నియమాలతో ఆడారో కూడా తేల్చుకోవాలి. మన పాత ఆటలో బంటుకు మొదటి ఎత్తులో రెండు గళ్ళు దూకే హక్కు లేదు. కోట కట్టడానికి బదులు రాజు ఒకసారి గుర్రంలా దూకేవాడు. 1814లో బొంబాయిలో తిరువేంగడాచార్య శాస్త్రి సంస్కృత గ్రంథం ఇంగ్లీషులో అచ్చయినప్పుడు, ఐరోపా పద్ధతికి మార్చినది అని పుస్తకం పేరులోనే చెప్పుకోవాల్సి వచ్చింది. రెండు పద్ధతులూ పక్కపక్కన నడిచిన కాలం అది. దేశీయ నియమాల ఆటను ఇప్పటి కంప్యూటరులో ఎక్కిస్తే రాజు గుర్రంలా దూకిన చోట తప్పు అంటుంది. తప్పు ఆటది కాదు.

పేర్లు ఇంకో ముళ్ళపొద. కలకత్తాలో జాన్ కాక్రేన్ అనే బారిస్టరు ఉండేవాడు. మద్రాసు జేమ్స్ కాక్రేన్ వేరు, ఈయన వేరు. పల్లెపట్టున ఒక బ్రాహ్మణుడు ఓటమి ఎరగని ఆటగాడున్నాడని విని ఆయన్ని పట్టుకుని, 1848 నుంచి ఏళ్ళ తరబడి ఆడి, ఆ ఆటల్ని లండన్ పత్రికలకు పంపాడు. ఆ బ్రాహ్మణుడి పేరును పత్రికలు ఒకచోట మొహిషుందర్ అని, ఇంకోచోట మహేశ్‌చందర్ బెనర్జీ అని రకరకాలుగా అచ్చువేశాయి. వెతికేవాడు ఒక్క వర్ణక్రమమే పట్టుకుంటే సగం ఆటలు చేజారతాయి. మనకూ అదే బాధ. ఇంటిపేరు ముందు రాసేవాళ్ళం కాబట్టి ఒకే మనిషి ఒక పట్టికలో కోనేరు హంపి, మరోదానిలో హంపి కోనేరు. ఇక ఇంటిపేరు పొడి అక్షరంగా మారిన పాత క్లబ్బు పట్టికల్లో ఒక 'కె. సుబ్బారెడ్డి' ఇద్దరు కావచ్చు, ముగ్గురు కావచ్చు.

ఆ బెనర్జీ ఆటలు నిలిచినందువల్ల జరిగిన మేలు చూడండి. 1855లో కాక్రేన్ మీద ఆయన నల్లపావులతో గుర్రం ఎఫ్6, జి6, డి5 అని ఒక వరుస వేశాడు. 1922లో ఎర్న్‌స్ట్ గ్రూన్‌ఫెల్డ్ అదే వరుసను అంతర్జాతీయ పోటీల్లోకి తెచ్చి, వియన్నాలో అలెఖిన్‌నే ఓడించాడు. ఆ ఆరంభానికి గ్రూన్‌ఫెల్డ్ పేరు స్థిరపడిపోయింది. ఆరున్నర దశాబ్దాల ముందే ఒక బెంగాలీ పల్లెటూరి ఆటగాడు ఆ దారి తొక్కాడని మనం చెప్పగలుగుతున్నామంటే, కాక్రేన్ ఎత్తులు రాసి పంపాడు కాబట్టే. రాయనివాళ్ళ కొత్తదారులు ఎన్ని పోయాయో తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

కాగితం లేనిచోట మనిషి జ్ఞాపకం ఉంటుంది. దాన్ని ఎంత నమ్మాలి? ఆడ్రియాన్ డి గ్రూట్ 1940లలో, ఆ తర్వాత విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ 1973లో చేసిన పరీక్షలు ఇక్కడ దారి చూపుతాయి. నిజమైన ఆటలోని స్థితిని కొన్ని క్షణాలు చూపించి తీసేస్తే, గొప్ప ఆటగాడు దాదాపు మొత్తం తిరిగి పేర్చగలడు, కొత్తవాడు నాలుగైదు పావులే పెట్టగలడు. పావుల్ని అడ్డదిడ్డంగా పరిస్తే మాత్రం గొప్పవాడి ఆధిక్యం చాలావరకు పోతుంది. ఆయన గుర్తుపెట్టుకునేది విడి పావుల్ని కాదు, కోట కట్టిన రాజూ ముందు మూడు బంట్లూ లాంటి గుంపుల్ని. అందువల్ల పెద్దవయసు ఆటగాడి దగ్గరికి వెళ్ళి, "సార్, ఎత్తులు చెప్పండి, రాసుకుంటా" అని కాగితం పట్టుకుంటే పెద్దగా రాలదు. బల్ల ముందు పెట్టి, ఆయన చేతికే పావులివ్వాలి. చేతులు కదిలితే వరుస వస్తుంది. ముగింపు దగ్గర్నుంచి వెనక్కి అడగడం ఇంకా మంచిది, ఎందుకంటే గెలిపించిన దెబ్బను ఎవరూ మరచిపోరు. ఒక్క జాగ్రత్త. అసలు బల్ల మీద కంటే జ్ఞాపకంలో ఆట కొంచెం నున్నగా తయారవుతుంది. మధ్యలో తడబడిన రెండు ఎత్తులు రాలిపోయి, దాడి నేరుగా సాగినట్టు గుర్తుంటుంది. పోటీ పట్టికలో ఆ ఆట 41 ఎత్తులని ఉండి, ఆయన 37కే ముగిస్తే, పోయిన నాలుగూ ఎక్కడున్నాయో అడగాల్సిందే.

ఇక కంప్యూటరు ఇంజిన్. స్టాక్‌ఫిష్ లాంటి ప్రోగ్రాములు ఈ పనికి గొప్ప సాధనాలు, ముఖ్యంగా ఒక చిన్న పరీక్షకు. ఆటంతా ఇంజిన్‌కు ఇచ్చి, ఒకే చోట ఇద్దరూ గుడ్డివాళ్ళయిన ఘట్టాలున్నాయేమో వెతకండి. తెల్లవాడు మంత్రిని ఊరికే వదిలాడు, నల్లవాడు కొట్టలేదు, తర్వాత ఎత్తులో మంత్రి అక్కడే లేనట్టు ఆట సాగింది. ఇలాంటిచోట నిజంగా పొరపాటు జరిగిందనడం కంటే రాతలో గడి తప్పుగా పడిందనడం ఎక్కువ సబబు. పక్క గడి పెట్టి చూస్తే తరచుగా ఆటంతా ఊపిరి తీసుకుంటుంది.

కానీ దీన్ని హద్దు మీరి నమ్మకూడదు. 2006లో బాన్ నగరంలో అప్పటి ప్రపంచ విజేత వ్లాదిమిర్ క్రామ్నిక్ డీప్ ఫ్రిట్జ్ అనే కంప్యూటరు ప్రోగ్రాముతో ఆడుతూ, ఒక్క ఎత్తులో మాట్ అయ్యేలా తన మంత్రిని కదిపాడు. కంప్యూటరు మంత్రి హెచ్7కు వచ్చి మాట్ చేసింది. లోకమంతా చూస్తుండగా జరిగింది కాబట్టి మనం నమ్ముతున్నాం. అదే ఎత్తు వందేళ్ళ నాటి చెద తిన్న కాగితం మీద కనబడి ఉంటే, ప్రపంచ విజేత అలా వేస్తాడా, రాసినవాడే తప్పు రాశాడు అని మనం చక్కగా "సరిదిద్ది" ఉండేవాళ్ళం. పాత పద్యాల ప్రతులు రాసిన లేఖకుల్లో కూడా తెలివైనవాళ్ళే ఎక్కువ చెరుపు చేశారు. అర్థం కాని మాటను అర్థమయ్యే మాటగా మార్చేశారు. తెలివి తక్కువ లేఖకుడు ఉన్నది ఉన్నట్టు గీకుతాడు, అతని తప్పుల్లోంచి అసలును పట్టుకోవచ్చు. నియమం ఒప్పుకోని ఎత్తును మార్చడానికి మనకు హక్కుంది. మంచిది కాని ఎత్తును మార్చడానికి లేదు.

ఆట చేతికి వచ్చాక విశ్లేషణ. ఇక్కడ నాకొక గట్టి అభిప్రాయం ఉంది. ఇంజిన్‌ను మొదటే తెరవకూడదు. ముజియోను ఇప్పటి ఇంజిన్‌కు చూపిస్తే గుర్రాన్ని ఊరికే ఇచ్చారని నల్లవారి వైపే మొగ్గుతుంది. అది నిజమే కావచ్చు. కానీ 1829లో గులాం కాసింకూ జేమ్స్ కాక్రేన్‌కూ అడ్డుపడిన ప్రశ్న అది కాదు. గుర్రం పోయింది, బదులుగా ఎఫ్ వరుస తెరుచుకుంది, నల్లరాజు నట్టనడుమ ఇరుక్కున్నాడు, నల్లవారి బలగం ఇంకా నిద్ర లేవలేదు. మనిషి మనిషిని ఎదుర్కొన్నప్పుడు ఈ బేరం గిట్టుతుందా? దానికి వాళ్ళు ఒక్కో కొమ్మ పట్టుకుని చేత్తో పావులు కదుపుతూ జవాబు వెతికారు. ముందు వాళ్ళ ప్రశ్నను మన బల్ల మీద మనమే ఆడి చూడాలి, అప్పటి పుస్తకాల్లో ఏముందో తెలుసుకోవాలి, మన అంచనా రాసిపెట్టుకోవాలి. ఆ తర్వాత ఇంజిన్ తెరిస్తే అది చెప్పే అంకెలో అర్థం ఉంటుంది. మనం అసలు చూడని జవాబు ఎక్కడ చూపిందో అక్కడే ఆ కాలపు ఆలోచన హద్దు కనబడుతుంది.

ఇప్పుడు మన మేటి ఆటగాళ్ళు హంపి, హారిక, హరికృష్ణ, అర్జున్ ఎరిగైసి ఆడే ఆటలు పావు గడిని తాకీ తాకకముందే ప్రపంచమంతా చేరిపోతున్నాయి. వాటికి చెద భయం లేదు. భయమంతా జిల్లా, తాలూకా స్థాయి క్లబ్బుల్లో ఇంటర్నెట్టుకు ముందు జరిగిన పోటీలకే. రాజంపేట, కడప, నంద్యాల, కర్నూలు, ఎక్కడైనా సరే, పాత స్కోరు పుస్తకం మీ చేతికొస్తే ఎత్తులు ఎక్కించే ముందు పేజీలన్నీ ఉన్నవి ఉన్నట్టు ఫొటో తీయండి, ఖాళీ పేజీలు, అట్ట వెనకాల లెక్కలతో సహా. ఇద్దరు ఆటగాళ్ళ కాగితాలూ దొరికితే రెండూ విడివిడిగా ఎక్కించి, తర్వాతే పోల్చండి. ఒకదాన్ని చూస్తూ ఇంకోదాన్ని చదివితే కన్ను మోసం చేస్తుంది. కంప్యూటరులో ఆటలు దాచే పీజీఎన్ పద్ధతి 1993 నుంచి ఉంది. అందులో ప్రతి ఎత్తు పక్కనా వ్యాఖ్య రాసుకునే వీలుంది. అక్కడ, ఐదో ఎత్తు పక్కన, "కాగితంలో లేదు, 6, 8, 11, 12 ఎత్తుల వల్ల కోట తప్ప మరోటి కుదరదు" అని రాయండి. మూడింటిలో ఏదో తేలకపోతే మూడూ రాసి, ఏది ఎందుకు ఎక్కువ నమ్ముతున్నారో చెప్పి, కింద మీ పేరు పెట్టండి. నారయ, సింగన, గంగన పెట్టినట్టు.